హాలిడే సభ్యత్వం కొనాలా, హోటల్ గది తీసుకోవాలా? సంతకానికి ముందు వేసుకోవలసిన లెక్క

షాపింగ్ మాల్ గుమ్మం దగ్గర ఒక కుర్రాడు కూపన్ల పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. "పేరు, ఫోను నంబరు రాసి ఈ డబ్బాలో వేయండి సార్, లక్కీ డ్రా" అంటాడు. నాలుగు రోజుల తర్వాత ఫోను వస్తుంది. మీకు మూడు రాత్రుల ఉచిత విడిది తగిలింది, ఆదివారం ఉదయం ఫలానా హోటల్‌కు వచ్చి తీసుకోండి, భార్యాభర్తలిద్దరూ తప్పనిసరిగా రావాలి అంటారు. ఆ చివరి షరతు దగ్గరే అనుమానం రావాలి. ఒక్కరే వెళ్తే "ఇంట్లో అడిగి చెబుతాను" అని లేచి రావచ్చు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటే ఆ మాటకు చోటు ఉండదు.

మా బావగారు అలాగే ఒక ఆదివారం అక్కను వెంటబెట్టుకుని వెళ్లారు. టిఫిను పెట్టారు, కొండల వీడియోలు చూపించారు, పక్క బల్ల దగ్గర ఎవరో కొన్నారని అందరి చేతా చప్పట్లు కొట్టించారు. మధ్యాహ్నం రెండు గంటలకు బావగారు క్రెడిట్ కార్డు గీసి బయటికి వచ్చారు. ఆయన లెక్కల మాస్టారు. "ఇంటికి వచ్చి కాగితం మీద పెట్టి చూసుకుంటే గానీ తెలియలేదురా" అని ఇప్పటికీ అంటుంటారు. ఆ కాగితం పని బల్ల దగ్గర కూర్చోవడానికి ముందే ఎలా చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు, అమ్ముతున్నది ఏమిటి?

టైమ్‌షేర్ అన్నా, హాలిడే సభ్యత్వం అన్నా, మన దేశంలో మీరు కొనేది స్థలమూ కాదు, ఇల్లూ కాదు. ఏడాదికి ఇన్ని రాత్రులు, ఇన్నేళ్లపాటు, కంపెనీ రిసార్టుల్లో గది వాడుకునే హక్కు మాత్రమే. సాధారణంగా ఏడాదికి ఏడు రాత్రులు. పేరున్న పథకాల్లో చాలావాటి గడువు 25 ఏళ్లు. స్టెర్లింగ్ 1986లో, మహీంద్రా హాలిడేస్ 1996లో మొదలయ్యాయి. ఈ రెండూ ఈ వ్యాపారాన్ని మధ్యతరగతి ఇళ్లకు పరిచయం చేశాయి. 1974లో అమెరికాలో పుట్టిన ఆర్‌సీఐ లాంటి మార్పిడి సంస్థల ద్వారా మీ రాత్రులను వేరే దేశపు రిసార్టుతో మార్చుకునే వీలూ ఉంది. దానికి వేరే రుసుము ఉంటుంది.

ధరను మూడు సంగతులు నిర్ణయిస్తాయి: గది పరిమాణం, సీజన్, గడువు. సీజన్లకు రంగులు పెడతారు. మహీంద్రా హాలిడేస్ వారి క్లబ్ మహీంద్రాలో ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అని నాలుగు ఉన్నాయి. వేసవి సెలవులు, దసరా, సంక్రాంతి లాంటి రద్దీ రోజులు ఖరీదైన రంగుల్లో పడతాయి. చవక రంగు కొన్నవాళ్లు ఖరీదైన రంగు రోజుల్లో అలవోకగా వెళ్లలేరు. "అప్పుడప్పుడు పైసీజన్ కూడా దొరుకుతుంది సార్" అని చెబుతారు. దొరకవచ్చు, కానీ ఆ మాట ఒప్పందంలో హక్కుగా రాసి ఉండదు.

మొదటి అడుగు: వెనక్కి ఐదేళ్లు చూడండి

ధర అడగకముందు చేయవలసిన పని ఇది. నా దృష్టిలో నిర్ణయంలో సగం ఇక్కడే తేలిపోతుంది. ఒక కాగితం తీసుకుని గత ఐదేళ్లలో మీ కుటుంబం ఇల్లు దాటి గడిపిన రాత్రులన్నీ రాయండి. జ్ఞాపకం చాలకపోతే ఫోనులో ఫొటోలు తేదీలతో సహా ఉంటాయి, రైలు టికెట్ల మెసేజీలు ఉంటాయి.

ఇప్పుడు ఒక్కో వరుస పక్కన ఎక్కడ బస చేశారో రాయండి. మన ఇళ్లలో ఈ జాబితా ఎలా ఉంటుందో చెప్పనా? తిరుమలలో టీటీడీ గది. షిర్డీలో, కాశీలో సత్రం. మేనకోడలి పెళ్లికి విజయవాడలో పెళ్లివారు ఇచ్చిన గది. వేసవిలో పది రోజులు అమ్మమ్మగారి ఊరు. ఒక ఏడాది అమ్మకు మోకాలి ఆపరేషన్, ఎక్కడికీ లేదు. ఇంకో ఏడాది పెద్దవాడికి ఇంటర్ రెండో సంవత్సరం, ఆ ఏడాది ఇంట్లో టీవీకి కూడా సెలవే. వీటన్నిటినీ కొట్టేయండి. ఏ హాలిడే సభ్యత్వమూ ఈ రాత్రులకు పనికిరాదు.

మిగిలినవాటిలో, ఒకే చోట మూడు రాత్రులకు పైగా రిసార్టులాంటి చోట ఉన్నవి ఎన్ని? ఊటీ, కూర్గ్, మున్నార్, గోవా, అరకు. వాటిని లెక్కపెట్టి ఐదుతో భాగించండి. ఏడాదికి ఏడు రాత్రులు వచ్చిందా? నాకు తెలిసిన ఇళ్లలో మూడు దాటినవి తక్కువ. "సభ్యత్వం ఉంటే వెళ్తాం కదా" అనేది అమ్మేవాళ్ల మాట. జిమ్‌కు ఏడాది డబ్బు కట్టినవాళ్లందరూ అదే అనుకుంటారు.

బావగారి జాబితాలో ఐదేళ్లకు కలిపి తొమ్మిది రాత్రులు తేలాయి. అప్పటికే ఆయన 175 రాత్రులు కొనేశారు.

రెండో అడుగు: రాత్రికి ఎంత పడుతుంది?

బల్ల దగ్గర మీకు చూపే లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకు పన్నుతో కలిపి ధర 5 లక్షలు అనుకుందాం. 25 ఏళ్లు, ఏడాదికి ఏడు రాత్రులు, మొత్తం 175. 5 లక్షలను 175తో భాగిస్తే రాత్రికి 2,857 రూపాయలు. "ఇంత మంచి రిసార్టులో రాత్రికి మూడు వేలు కూడా కాదు సార్!" భాగహారం తప్పు కాదు. వదిలేసిన అంకెల్లోనే ఉంది కిటుకు.

వదిలేసిన మొదటి అంకె వార్షిక రుసుము. మీరు వెళ్లినా, వెళ్లకపోయినా ఏటా కట్టాలి. పన్నుతో 20,000 అనుకుందాం. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి మళ్లీ 2,857. చిత్రంగా రెండూ ఒకే అంకె. అంటే రేటు అప్పుడే రెట్టింపై 5,714 అయింది.

రెండోది, ఆ 5 లక్షలు బ్యాంకులో ఉంటే ఇచ్చే వడ్డీ. 7 శాతం చొప్పున ఏడాదికి 35,000. దానికి కట్టనక్కర్లేని వార్షిక రుసుము 20,000 కలపండి. ఏటా 55,000 రూపాయలు హోటళ్లకు ఖర్చు పెట్టుకోవచ్చు, అసలు అలాగే ఉంటుంది. ఏడు రాత్రులకు రాత్రికి 7,857. ఇక ఏడు కాకుండా సగటున ఐదు రాత్రులే వాడితే? రాత్రికి 11,000.

ఇక్కడ అమ్మేవారికి ఒక న్యాయమైన వాదన ఉంది, దాన్ని దాటవేయకూడదు. హోటల్ ధరలు ఏటా పెరుగుతాయి, మీ సభ్యత్వం ధర ఈరోజే ఆగిపోతుంది. బ్యాంకులో ఉన్న 5 లక్షల విలువ కూడా 25 ఏళ్లలో కరిగిపోతుంది. వడ్డీ మీద ఆదాయపు పన్ను కూడా ఉంటుంది. నిజమే. కానీ వార్షిక రుసుము ఆగదు. అదీ ఏటా 6 శాతం పెరిగితే, ఈరోజు 20,000 ఉన్నది 25వ ఏట 81,000 దగ్గరికి వస్తుంది. 25 ఏళ్లలో కట్టిన రుసుములన్నీ కలిపితే దాదాపు 11 లక్షలు. అంటే సభ్యత్వం ధరకు రెట్టింపు కన్నా ఎక్కువ. బల్ల దగ్గర కాగితం మీద ఈ 11 లక్షల అంకె ఎక్కడా కనిపించదు.

హోటల్ ధరలు, రుసుము రెండూ 6 శాతం చొప్పున పెరుగుతాయనీ, డబ్బుకు 7 శాతం వడ్డీ వస్తుందనీ పట్టుకుని అంతా ఈనాటి ధరల్లోకి తెచ్చి లెక్క వేశాను. ఏడు రాత్రులూ ఏటా తప్పకుండా వాడితే రాత్రికి దాదాపు 6,300 పడింది. ఐదు రాత్రులైతే దాదాపు 8,800. కాబట్టి ఈ ఉదాహరణలో ప్రశ్న చిన్నది: మీ సొంత డబ్బుతో హోటల్ తీసుకునేటప్పుడు మీరు మామూలుగా రాత్రికి ఎంత పెడతారు? 3,500 అయితే మాట్లాడుకోవడానికి ఏమీ లేదు. 9,000 పెట్టే అలవాటు ఉండి, ఏటా వారం రోజులు వెళ్లేవారైతే సభ్యత్వం గిట్టుబాటు కావచ్చు.

రిసార్టు గది "మామూలుగా 12,000 సార్" అని చూపిస్తారు. ఆ 12,000 మీరు ఎప్పుడూ ఇచ్చేవారు కానప్పుడు, దానిలో ఆదా అయింది మీ డబ్బు కాదు. పట్టుచీర 40,000 అని చెప్పి 25,000కు ఇస్తే 15,000 మిగిలినట్టు కాదు కదా, చీర కొనాలని మనం అనుకోనే లేదు.

ఈఎంఐ మీద తీసుకుంటే లెక్క ఇంకా మారుతుంది. 5 లక్షల్లో లక్ష ముందు కట్టి, 4 లక్షలు 15 శాతం వడ్డీకి 48 నెలలు అనుకోండి. నెలకు దాదాపు 11,130. వడ్డీయే 1,34,000 దాటుతుంది. అంటే మీరు కొన్నది 5 లక్షలకు కాదు, 6.34 లక్షలకు. విహారయాత్ర కోసం అప్పు చేయవలసి వస్తే నా మాట వద్దనే. కావాలంటే మిగతాది చదవకుండా ఇక్కడే ఆగిపోవచ్చు.

మూడో అడుగు: మీ తేదీలకు గది ఉందా?

బడి పిల్లలున్న ఇంటికి ఇది అన్నిటికన్నా ముఖ్యం. మన రెండు రాష్ట్రాల్లో బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ ఆఖరి వారం నుంచి జూన్ రెండో వారం వరకు. అదే సమయంలో మొత్తం దక్షిణాది ఊటీ, కొడైకెనాల్, మున్నార్ వైపు నడుస్తుంది. సభ్యులు లక్షల్లో ఉండవచ్చు, ఊటీలో గదులు మాత్రం వందల్లోనే. సభ్యులకు ఫలానా రోజుల ముందు బుకింగ్ తెరుస్తారు. తెరిచిన రోజే రద్దీ తేదీల గదులు అయిపోతాయి. "ప్రాధాన్యం" అని చెప్పే పదానికి అర్థం ఖాళీ ఉంటే ఇస్తామనే.

బల్ల దగ్గర ఒక పరీక్ష పెట్టండి. అమ్మే వ్యక్తిని ఆయన ఫోనులోనే సభ్యుల యాప్ తెరవమనండి. "మే రెండో వారంలో ఊటీ, నలుగురికి, నాలుగు రాత్రులు, మీరు నాకు అమ్ముతున్న సీజన్‌లోనే చూపించండి" అని అడగండి. ఆ ఊరు కాకపోతే మున్నార్, అది కాకపోతే కూర్గ్. వెయిటింగ్ లిస్టు అని వస్తే, మీకు రేపు కనబడేదీ అదే. "డెమో ఖాతాలో చూపించలేం" అంటే, ఒక పాత సభ్యుడి ఫోను నంబరు ఇవ్వమనండి. అదీ ఇవ్వకపోతే సమాధానం వచ్చినట్టే.

బావగారికి మొదటి ఏడాది మే నెలలో ఊటీ దొరకలేదు. ప్రత్యామ్నాయంగా జూలైలో ఒక పశ్చిమ కనుమల రిసార్టు ఇస్తామన్నారు. జూలైలో అక్కడ వర్షం కిటికీ బయట కనబడేంత దూరంలో ఆగదు, మనతో పాటు మంచం ఎక్కుతుంది. పైగా పిల్లలకు బడి.

సభ్యత్వం ఉన్నా తప్పని చిక్కు ఇంకొకటి ఉంది. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఊటీ, కొడైకెనాల్‌కు వెళ్లే బయటి వాహనాలకు ఈ-పాస్ తప్పనిసరైంది. గది మీ పేరున ఉన్నా కారుకు పాస్ వేరే తీసుకోవాలి.

పదవీ విరమణ చేసినవారి సంగతి వేరు. వారికి తేదీల బంధం లేదు. వాళ్లకు గదులు బాగా దొరుకుతాయి, నిజమే. కానీ అదే సీజన్ కాని రోజుల్లో హోటళ్లు కూడా చవగ్గా ఉంటాయి. పైగా అరవై దాటిన వారికి 25 ఏళ్ల ఒప్పందం అమ్మేవారి నిబ్బరాన్ని మెచ్చుకోవాల్సిందే.

నాలుగో అడుగు: ఒప్పందం ఇంటికి తెచ్చుకుని చదవండి

"కాగితాలు సంతకం తర్వాత మెయిల్‌కు వస్తాయి" అంటే లేచి వచ్చేయండి. ఖాళీ ఒప్పందం ముందే ఇవ్వని సంస్థతో పాతికేళ్ల బంధం పెట్టుకోవద్దు. ఇంట్లో కూర్చుని పెన్ను పట్టుకుని ఈ చోట్లు వెతకండి.

అన్నిటికన్నా ముందు రద్దు గడువు. సంతకం చేశాక ఎన్ని రోజుల్లోపు మనసు మార్చుకుంటే డబ్బు వెనక్కి ఇస్తారు, ఎంత కోసుకుంటారు, ఆ రోజులు సంతకం నుంచి లెక్కా లేక డబ్బు కట్టిన రోజు నుంచి లెక్కా? యూరప్‌లో 2008 నాటి ఆదేశం ప్రకారం 14 రోజులు ఆలోచించుకునే హక్కు ఉంది, ఆ రోజుల్లో ముందస్తు డబ్బు తీసుకోవడమే నిషేధం. మన దేశంలో టైమ్‌షేర్లకంటూ ప్రత్యేక చట్టం లేదు. కాబట్టి ఒప్పందంలో ఏమి రాసి ఉందో అదే మీకు దిక్కు.

తర్వాత వార్షిక రుసుము పెంపు. ఎంత శాతం వరకు పెంచవచ్చో గరిష్ఠ పరిమితి రాశారా? "కంపెనీ విచక్షణ మేరకు" అని ఉంటే పైన చెప్పిన 6 శాతం లెక్కను 10 శాతంతో మళ్లీ వేయండి. రుసుము బాకీ ఉంటే బుకింగ్ ఆగిపోతుంది. కొన్ని చోట్ల ఆ కాలానికి వడ్డీ కూడా పడుతుంది. ఎక్కువ మంది సభ్యులు చేతులెత్తేసేది ఇక్కడే. మొదటి రెండేళ్లు రుసుము కడతారు, గది దొరకక విసిగి మూడో ఏడు మానేస్తారు. ఆ తర్వాత బాకీ పెరిగి, అంతా కట్టి వెళ్లాలంటే మనసొప్పదు.

వాడని రాత్రులు వచ్చే ఏటికి కలుస్తాయా, ఎన్నేళ్లు? మీ బదులు అన్నయ్య కుటుంబాన్ని పంపితే అదనపు రుసుమా? గదిలో ఎంతమంది పెద్దలు, ఎంతమంది పిల్లలు? స్టూడియో గది కొని అత్తగారిని, మామగారిని కూడా తీసుకెళ్దామనుకుంటే రెండో గదికి మళ్లీ రాత్రులు ఖర్చవుతాయి. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి కానీ రిసెప్షన్ దగ్గర గొడవలు వీటి మీదే.

భోజనం సంగతి ఒప్పందంలో ఉండదు, అడగాలి. సభ్యత్వం గదికి మాత్రమే. రిసార్టు ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరాన కొండ మీద ఉంటే మూడు పూటలా అక్కడే తినాలి. నలుగురికి రోజుకు భోజనాల ఖర్చు గది అద్దెను మించిపోయిన సందర్భాలు చూశాను. హోటల్ ఊరి మధ్యలో ఉంటే ఎదురుగా ఇడ్లీ కొట్టు ఉంటుంది. వంటగది ఉన్న యూనిట్ అంటే దానిలో కుక్కర్, గిన్నెలు ఉన్నాయా, అన్నం వండుకోనిస్తారా అని మరీ మరీ అడగండి. అక్క మొదటి ట్రిప్పుకు పప్పు, బియ్యం, ఆవకాయ కట్టుకుని వెళ్లింది. ఆ "వంటగది"లో ఉన్నది టీ కెటిల్, రెండు కప్పులు. ఆవకాయ మాత్రం పనికొచ్చింది.

ఇక అమ్ముకునే వీలు. "ఇది మీ ఆస్తి సార్, పిల్లలకు ఇవ్వవచ్చు, కావాలంటే అమ్మవచ్చు" అనే మాట నోటితోనే వస్తుంది. బదిలీకి రుసుము ఎంత, కొన్నవారికి మిగిలిన ఏళ్లన్నీ వస్తాయా అని చూడండి. పాత సభ్యత్వాలను కొనేవారు దొరకడం కష్టం. దొరికినా కట్టిన ధరలో చిన్న ముక్క మాత్రమే ఇస్తారు. ఇదే సంగతి తిరగేస్తే ఒక చిట్కా: నిజంగా సభ్యత్వం కావాలనుకునేవారు కంపెనీ దగ్గర కొనేముందు, బదిలీకి అనుమతి ఉందా అని కంపెనీనే లిఖితంగా అడిగి, పాత సభ్యుల దగ్గర వెతకడం మంచిది.

లాభం ఇస్తామనే మాట వినబడితే మాత్రం అది సెలవుల పథకం కానే కాదు. పాన్‌కార్డ్ క్లబ్స్ గుర్తుందా? హోటల్ గది రాత్రుల పేరుతో దాదాపు 51 లక్షల మంది దగ్గర 7,000 కోట్లకు పైగా వసూలు చేసింది. అది అనుమతి లేని పెట్టుబడి పథకమని పెట్టుబడి మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ తేల్చి, డబ్బు వెనక్కి ఇవ్వాలని 2016లో ఆదేశించింది. "రాత్రులు వాడకపోతే ఇంత శాతం కలిపి తిరిగి ఇస్తాం" అన్నారంటే చెప్పులు వేసుకుని బయటికి నడవండి.

ఐదో అడుగు: ఆ ఆదివారం ఎలా గడపాలి

వెళ్లకపోవడమే తేలిక. వెళ్లాలనుకుంటే క్రెడిట్ కార్డు, చెక్కు పుస్తకం ఇంట్లో పెట్టి వెళ్లండి. ఫోనులో యూపీఐ ఉంటుంది కాబట్టి, ఆ పూట ఏమీ కట్టేది లేదని ఇద్దరూ ఇంట్లోనే మాట అనుకోండి. ఒకరు మెత్తబడితే ఇంకొకరు గుర్తు చేయాలి.

"ఈ ధర ఈరోజుకే" అనే మాట తప్పకుండా వస్తుంది. మేనేజరు వచ్చి మీ కోసం ఇంకో 50,000 తగ్గిస్తాడు. కూరగాయల మార్కెట్టులో పదడుగులు నడిస్తే ధర తగ్గుతుందని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఇక్కడా అంతే. మీరు నిజంగా లేచి నిలబడితే ఇంకా తగ్గుతుంది, అప్పుడు ఆ మొదటి ధర ఎంత గట్టిదో అర్థమవుతుంది. నోటితో చెప్పిన ప్రతి హామీనీ, ఊటీ అయినా, లాకర్ అయినా, ఉచిత విమాన టికెట్ అయినా, ఆ కంపెనీ మెయిల్ నుంచి రాసి పంపమనండి. చాలా హామీలు అక్కడే రాలిపోతాయి.

ఆ ఉచిత మూడు రాత్రుల వోచర్‌కూ షరతులు ఉంటాయి. ముందే ఇన్ని రోజులకు బుక్ చేయాలి, పండగ రోజులు కుదరవు, తలకు ఇంత అని భోజనం ప్యాకేజీ తప్పనిసరి. అవన్నీ కట్టి వెళ్లినవారూ ఉన్నారు. చాలామంది డ్రాయరులో పెట్టి మర్చిపోతారు.

ఆరో అడుగు: హోటల్ వైపు కూడా అంతే శ్రద్ధ

హోటళ్లే మేలని తేలినా, ఏప్రిల్ 30న ఫోను తీసి మే 2కు ఊటీ గది వెతికితే సభ్యత్వం కన్నా ఎక్కువే కాలుతుంది. సభ్యత్వం నేర్పే ఒక మంచి అలవాటు ముందుగా ప్లాన్ చేసుకోవడం. ఆ అలవాటు ఉచితంగా కూడా తెచ్చుకోవచ్చు.

బ్యాంకులో ఒక రికరింగ్ డిపాజిట్ తెరిచి నెలకు 4,000 వేయండి. ఏడాది తిరిగేసరికి వడ్డీ కాక 48,000. ఈ డబ్బు సెలవులకే. ఒక ఏడాది వెళ్లకపోతే వచ్చే ఏటికి నిలుస్తుంది, ఎవరికీ వార్షిక రుసుము కట్టక్కర్లేదు. మే గదులకు జనవరిలో, దసరా గదులకు జూలైలో, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న ధరకు బుక్ చేయండి. తర్వాత అదే హోటల్‌కు నేరుగా ఫోను చేసి, యాప్‌లో ఈ ధర ఉంది, మీరెంత ఇస్తారని అడగండి. చాలా చిన్న హోటళ్లు యాప్‌లకు కమిషన్ కట్టే బదులు మీకే కొంత తగ్గిస్తాయి, లేదా టిఫిను కలిపి ఇస్తాయి.

పన్ను గీత గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదికి జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. 7,400 గది పన్నుతో 7,770 అవుతుంది. 7,600 గది 8,968. అద్దెలో తేడా 200, బిల్లులో తేడా దాదాపు 1,200. ఈ గీతకు అటూ ఇటూ ఉన్న గదుల మధ్య ఎంచుకునేటప్పుడు కిటికీ ఏ వైపు ఉందో తర్వాత చూసుకోవచ్చు.

మన పర్యాటక సంస్థలను మరచిపోకండి. అరకులో, శ్రీశైలంలో, నాగార్జునసాగర్ దగ్గర హరిత హోటళ్లు ఉన్నాయి. కర్ణాటకలో మయూర, తమిళనాడులో, కేరళలో కూడా ప్రభుత్వ హోటళ్లు ఉన్నాయి. పరుపులు కొన్ని చోట్ల పాతబడి ఉంటాయి, గదుల స్థలం మాత్రం మంచిది. కూర్గ్‌లో హోమ్‌స్టేలు పెద్ద కుటుంబానికి రిసార్టు కన్నా బాగా కుదురుతాయి, అడిగితే చారూ అన్నమూ పెడతారు.

ఎవరికి కొనడం మంచిదే

నాకు తెలిసిన ఒక జంట సభ్యత్వంతో నిజంగా సుఖపడుతున్నారు. ఇద్దరూ ఇంటి నుంచి పని చేస్తారు. పిల్లలు లేరు. ఏటా ఫిబ్రవరిలోనూ, సెప్టెంబరులోనూ వెళ్తారు. బుకింగ్ తెరిచే రోజు క్యాలెండరులో రాసి పెట్టుకుంటారు. రిసార్టులోనే ఉండి పుస్తకాలు చదువుకోవడం వాళ్లకు ఇష్టం, ఊరంతా తిరగాలని లేదు. డబ్బు ఒకేసారి కట్టారు, అప్పు లేదు. పైన అడిగిన ప్రశ్నలన్నిటికీ వాళ్ల జవాబు "అవును" అని రావడం చూసి నేనే వారికి కొనమని చెప్పాను. వాళ్ల ఐదేళ్ల జాబితాలో అప్పటికే ఏడాదికి తొమ్మిది రాత్రులు ఉన్నాయి. సభ్యత్వం వాళ్లకు కొత్త అలవాటు నేర్పలేదు, ఉన్న అలవాటును కొంత చవక చేసింది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు

ఓర్లాండో, లాస్ వేగాస్ వెళ్లిన తెలుగు కుటుంబాలకు ఇదే ఆదివారం సభ డిస్నీ టికెట్ల రూపంలో ఎదురవుతుంది. అక్కడ చాలా టైమ్‌షేర్లు దస్తావేజుతో వస్తాయి, గడువు లేకుండా నడుస్తాయి. నిర్వహణ రుసుమూ అలాగే నడుస్తుంది. సంతకం చేసేశారా? ఫ్లోరిడాలో 10 రోజులు, కాలిఫోర్నియాలో 7, నెవాడాలో 5 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కు చట్టమే ఇస్తుంది. ఒప్పందంలో రాసిన చిరునామాకు రాతపూర్వకంగా, రసీదు వచ్చే పద్ధతిలో పంపండి. ఫోనులో చెబితే చాలదు. హోటల్ గదికి చేరగానే ఆ ఉత్తరం రాయడం మంచిది, విమానం ఎక్కాక మరచిపోతాం.

సంతకం చేసేశాక పశ్చాత్తాపపడితే

రద్దు గడువు ఇంకా ఉంటే ఈరోజే మెయిల్ పంపండి, దానికి తోడు రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం. బల్ల దగ్గర మీకు అమ్మిన వ్యక్తికి ఫోను చేసి వాళ్ల బతిమాలడాలు వినకండి, ఆ నాలుగు రోజులు గడిపేయడమే ఆయన పని.

ఈఎంఐ బ్యాంకు అప్పుగా మారి ఉంటే, కోపంలో వాయిదాలు ఆపేయకండి. అప్పు మీకూ బ్యాంకుకూ మధ్య ఉంది, ఆపితే మీ క్రెడిట్ స్కోరు దెబ్బతింటుంది. ముందు బ్యాంకుకు కూడా వివాదం ఉందని రాతపూర్వకంగా తెలపండి.

కంపెనీ దారికి రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. దాంతోనూ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే కేసు వేయవచ్చు, ఒప్పందంలో ఏ మహానగరం కోర్టు పేరు రాసి ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధి, 5 లక్షల వరకు ఫీజు లేదు. వివాదం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వేయాలి. మధ్యవర్తి దగ్గరికే వెళ్లాలని ఒప్పందంలో ఉన్నా ఈ తలుపు మూసుకోదని 2018లో సుప్రీంకోర్టులోనూ తేలింది. కూపను, వోచర్, వాట్సాప్ సందేశాలు, గది లేదని చెప్పిన ప్రతి స్క్రీన్ చిత్రం దాచి ఉంచండి. కమిషన్ ముందు బలం వాటిదే. గది దొరకలేదని ఊరికే చెప్పడం కన్నా, ఫలానా తేదీన ఫలానా చోట అడిగితే ఈ సమాధానం వచ్చిందని ఆరు కాగితాలు పెట్టడం మేలు.

బావగారు అలా కాగితాలు పోగు చేస్తుండగానే ఇంకో ఫోను వచ్చింది. మీ పాత సభ్యత్వాన్ని మంచి ధరకు అమ్మిపెడతాం, కొనేవారు సిద్ధంగా ఉన్నారు, ముందుగా జీఎస్టీ కింద 18,000 కట్టండి అన్నారు. ఆయన పేరు, సభ్యత్వం సంఖ్య, కట్టిన మొత్తం అన్నీ సరిగ్గా చెప్పారు. పాత సభ్యుల జాబితాలు పట్టుకుని తిరిగే మోసగాళ్లు వీళ్లు. అమ్మకానికి ముందు పన్ను, ప్రాసెసింగ్ రుసుము అంటూ డబ్బు అడిగిన వారెవరికీ పైసా పంపకండి. బావగారు ఈసారి "ఇంట్లో అడిగి చెబుతాను" అని పెట్టేశారు.